మ్రింగిన పిన్నీసు

శకుంతల వ్రేలినుండి జారిన యుంగరమును చేప మ్రింగెను. ఆ చేప కడుపు కోసిన పిమ్మటగాని యుంగరము వెలుపలికి రాలేదు. రాజునకు భార్య జ్ఞప్తికి రాలేదు. యాదవుల నాశనమునకై పుట్టిన ముసలమును అరగదీసి సముద్రములో కలిపినను, మిగిలిన యినుపముక్కను మరియొక చేప మ్రింగెను. ఆ చేప వలలో చిక్కినప్పుడు దాని కడుపులో దొరకిన యినుమే వేటకాని బాణమునకు మొనయై శ్రీకృష్ణుని నిర్యాణమునకు కారణమయ్యెను. ఈ కథలను మేము బాల్యమున మా తండ్రిగారి యొద్ద చదువుకొన్నప్పుడు రాజునకేమయ్యెను, యాదవులకేమయ్యెనని అడిగితిమే కాని, ఇనుము మ్రింగిన చేప యెట్లుండెనని ఒక్కనాడును అడుగలేదు. నోరులేని జీవి బాధ ఎవరికి పట్టును? మూడేండ్ల పసిబిడ్డయు నట్టి నోరులేని జీవియే యని మాకు తెలిసినది రెండేండ్ల క్రిందటి వైశాఖమాసములో. ఆ దినమున మేము చేసిన పొరపాట్లను దాచక చెప్పి, వానివలన నేర్చుకొనిన సంగతులను మీ యెదుట నుంచుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మాది చింతలపూడి. మా వారు ఇక్కడి పాఠశాలలో ఉపాధ్యాయులు. నూజివీటి మామిడితోటల సీమ మాకు పొరుగుననే యున్నది. 2022వ సంవత్సరమున ఏలూరు జిల్లా యేర్పడినప్పటినుండి రెండూళ్ళును ఒక్క జిల్లాలోనివే. వేసవి వచ్చినదన్న మా ప్రాంతములో కాయ కొట్టని యిల్లుండదు, ఆవ దంచని యిల్లుండదు. ఆ దినమున మా యింటను ఆవకాయ పెట్టుచుంటిమి. అత్తగారు, ఆడపడుచు, పొరుగింటి పిన్నిగారు కూర్చుండి ముక్కలు తుడుచుచుండిరి. సాయంకాలము పేరంటమునకు పోవలసియుండుటచే మేము మా చిన్నపిల్లకు కొత్త పరికిణీ కట్టితిమి. నడుము వదులుగా నుండెను. ఒక చేత గుడ్డను పట్టుకొని, రెండవ చేత కుచ్చు సవరించుచు, తెరచిన పిన్నీసులను రెండింటిని పెదవుల నడుమ పట్టుకొంటిమి. ఇది మాకు చీర కట్ట నేర్చిన నాటినుండి వచ్చిన యలవాటు. ఈ మాట చదువుచున్న సోదరీమణులలో ఈ యలవాటు లేనివారు కొలదిమందియే యుందురని తలచుచున్నాము.

పిల్ల మా ముఖమునే చూచుచుండెను. ఇంతలో వంటింటినుండి పిలుపు రాగా రెండు నిమిషములు లోనికి పోయి వచ్చితిమి. వచ్చునప్పటికి పిల్ల పీటమీద మిగిలిన పిన్నీసును తానును పెదవుల నడుమ నుంచుకొని, బొమ్మకు గుడ్డ చుట్టుచుండెను. ఎవరివలె చేయుచున్నదో మాకు వెంటనే తెలిసెను. మమ్ము చూచి నవ్వెను. ఆ నవ్వుతో పిన్నీసు లోనికి పోయెను. ఒక్క దగ్గు వచ్చెను, కన్నుల నీరు తిరిగెను. పిమ్మట ఏమియు జరుగనట్లు మరల బొమ్మను చేత బట్టెను.

మా కేకకు అందరును పరుగెత్తుకొని వచ్చిరి. ఒకరు తలక్రిందులుగా పట్టి వీపు చరచుమనిరి. ఒకరు గొంతులో వ్రేలు పెట్టి కక్కించుమనిరి. పిన్నిగారు ఆముదము పట్టించుమనిరి. అత్తగారు, "అరటిపండు మింగించవే అమ్మాయీ, దాంతోపాటు జారిపోతుంది" అనిరి. వారందరును బిడ్డమీది ప్రేమతోడనే చెప్పిరి. అందరును తమ పెద్దలయొద్ద విన్నదే చెప్పిరి. మేమును ఆలోచింపక రెండు అరటిపండ్లును, నాలుగు పెరుగన్నపు ముద్దలును తినిపించితిమి. అత్తగారు బిడ్డ పొట్ట నిమురుచు, వాతాపి జీర్ణమనిరి. అగస్త్యునకు వాతాపి జీర్ణమయ్యెనేమో కాని, ఇనుము ఎవ్వరికిని జీర్ణము కాదు.

ఆముదపు గిన్నె చేతికి తీసికొనునప్పటికి మా వారు బజారునుండి వచ్చిరి. విషయము విని గిన్నెను క్రింద పెట్టించిరి. ఎన్ని గంటలకు మ్రింగినదని యడిగి చీటిమీద వ్రాసికొనిరి. అట్టిదే మరియొక పిన్నీసును కాగితమున చుట్టి జేబులో వేసికొనిరి. మాకది ఆ సమయమున వింతగా తోచినది. తరువాత వైద్యులు మొదట అడిగినవి ఆ రెండే. ఊరిలోని వైద్యులకు చూపి, వారి మాటపై సుమారు యేబది కిలోమీటర్ల దూరమున నున్న ఏలూరునకు బయలుదేరితిమి.

అక్కడ ఎక్సురే తీసిరి. నల్లని ఫిల్ముపై మా బిడ్డ లేత ప్రక్కటెముకల క్రింద పిన్నీసు తెల్లగా మెరయుచుండెను. రెండు కాళ్ళు చాచిన మిడుతవలె తెరచుకొని యుండెను. అది అన్నవాహికను దాటి ఆమాశయములో నున్నదని వైద్యులు చెప్పిరి. "గొట్టముతో పైనుండి తీయవచ్చును. బిడ్డకు ఏమైన తినిపించితిరా?" అని యడిగిరి. చెప్పితిమి. ఆయన మారుమాటాడక గడియారము వంక చూచిరి. కడుపు నిండియుండగా మత్తు ఇచ్చినచో, తిన్నది పైకి ఎగదన్ని ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము గలదనియు, ఆయాసము గాని నొప్పి గాని లేని బిడ్డ కనుక ఆరు గంటలు వేచియుండవలయుననియు చెప్పిరి. మేము ప్రేమతో పెట్టిన రెండు పండ్లు బిడ్డకును వైద్యమునకును నడుమ గోడయై నిలిచినవి.

ఆ యారు గంటలును మేము బిడ్డ మంచము విడువలేదు. మా యాందోళన చూచి వైద్యులు ఒక కాగితముపై బొమ్మ గీసి మ్రింగిన వస్తువు పోవు త్రోవను వివరించిరి. ఆ బొమ్మను మేమింకను దాచుకొని యున్నాము. అందులోని సంగతి ప్రతి తల్లియు తెలిసికొనదగినది.

గొంతుక క్రింద రెండు త్రోవలు గలవు. ముందున్నది గాలి త్రోవ, వెనుకనున్నది అన్నపు త్రోవ. అన్నవాహిక పెద్దవారిలో సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండును. అది అంతటను ఒకే వెడల్పున నుండదు. గొంతుక దిగువను, గుండెనుండి వచ్చు పెద్ద రక్తనాళము ప్రక్కను ఒరసికొనిపోవు చోటను, రొమ్మునకును కడుపునకును నడుమ అడ్డుతెరవలె నుండు కండరమును దాటు చోటను ఇరుకుగా నుండును. మ్రింగిన వస్తువులు చిక్కుకొనుట సాధారణముగా ఈ యిరుకులలోనే. అది దాటినచో ఆమాశయము. అక్కడినుండి బయటపడుటకు బిగువైన ద్వారమొకటి గలదు. పెద్దవారిలోనైనను అయిదారు సెంటీమీటర్లకు మించిన పొడుగు వస్తువులు ఆ ద్వారమును, దానికి ఆవల నున్న వంపును దాటుట కష్టము. ఆ పిమ్మట పెద్దవారిలో ఆరు మీటర్ల చిన్నప్రేగు, తరువాత ఒకటిన్నర మీటరు పెద్దప్రేగు. చిన్నప్రేగు పెద్దప్రేగులో కలియు మలుపు మరియొక గండము.

ఇంత దుర్గమమైన త్రోవయైనను, పిల్లలును పెద్దలును మ్రింగిన వస్తువులలో పదింట ఎనిమిదియో తొమ్మిదియో తమంతట తామే బయటికి పోవునని వైద్యులు చెప్పుదురు. ఇందులో దేహముయొక్క నేర్పు గలదు. 1902వ సంవత్సరమున ఎక్స్‌నరను వైద్యుడు దీనిని కనిపెట్టెను. ప్రేగు లోపొరకు సూదిమొన తగిలినచో ఆ తగిలిన చోట పొర వెనుకకు తగ్గి చిన్న గుంటవలె నగును. ప్రక్క కండరములు ముందుకు జరిగి, సూదిని మెల్లగా త్రిప్పి, మొన వెనుకకును మొద్దువైపు ముందునకును వచ్చునట్లు చేయునట. కాలికి ముల్లు తగిలినప్పుడు మనము పాదమును వెనుకకు తీయుదుమే, కడుపును మనకు తెలియకుండ అట్లే చేయుచున్నది! అయితే ఈ నేర్పునకు హద్దు గలదు. పదునైన వస్తువులవలన లోపల గాయములగుట నూటికి 35 మంది వరకును గలదని వైద్యగ్రంథములలో లెక్కలు కనబడుచున్నవి. కడుపునకు తన పని తాను చేసికొనుటకు నెమ్మది కావలెను. ఆముదముతో ప్రేగును తరుముటయు, ముద్దలతో నెట్టుటయు ఆ నెమ్మదిని చెరచుటయే. సూది గ్రుచ్చుకొని యున్న చోట వెనుకనుండి అన్నపు ముద్ద వచ్చి త్రోసినచో సూది ఎటు పోవును? లోతునకే పోవును.

లోతునకు పోయినచో ఏమగునో గూడ చెప్పవలసియున్నది. అన్నవాహికకు చిల్లిపడినచో ఉమ్మియు, క్రిములును రొమ్ములోనికి చేరి చీము పట్టును. జ్వరము, రొమ్మునొప్పి వచ్చును. మెడ ఉబ్బి, తాకినచో పిటపిటలాడవచ్చును. ప్రేగునకు చిల్లిపడినచో కడుపంతయు వాచి, రాయివలె బిగిసిపోవును. మరియొకటి మిక్కిలి మోసకరమైనది. అన్నవాహికలో గ్రుచ్చుకొనిన ముల్లు మెల్లమెల్లగా ప్రక్కనున్న పెద్ద రక్తనాళము వరకు పోవచ్చును. అప్పుడు నోట కొంచెము నెత్తురు పడి, తగ్గిపోయినట్లే యుండి, గంటలకో దినములకో ఒక్కమారుగా ప్రాణాంతకమైన రక్తస్రావమగును. కావున ముల్లు మ్రింగినవారి నోట ఒక్క చుక్క నెత్తురు కనబడినను, ఆగిపోయినదిగదా యని యింట నుండరాదు.

ఇక మా కథకు వత్తుము. ఆరు గంటలు గడచిన పిమ్మట మరల ఎక్సురే తీసిరి. పిన్నీసు ఆమాశయములో లేదు. ద్వారము దాటి చిన్నప్రేగులోనికి దిగిపోయెను. పైనుండి గొట్టము అంత దూరము పోదు. ఇక వేచి చూచుటయే. మూడు దినములు వరుసగా ఒకే చోట నిలిచినను, కడుపునొప్పి గాని జ్వరము గాని వచ్చినను, పొట్ట కోసి తీయవలసి వచ్చునని చెప్పిరి. దినమున కొక యెక్సురే. ప్రతి ఫిల్ములోను అది కొంచెము కొంచెము క్రిందికి జరుగుచుండెను. వైద్యులు చెప్పిన మెత్తని ఆహారమునే పెట్టుచు, బిడ్డ పొట్టపై చేయి వేయుటకైనను భయపడుచు, మలమును ప్రతిసారియు పరీక్షించుచు నాలుగు దినములు గడిపితిమి. నాలుగవనాటి ఉదయమున పిన్నీసు బయటపడెను. తెరచుకొనియే యుండెను. మా బిడ్డ ప్రేగులు ఎక్స్‌నరు చెప్పినట్లే తమ పని తాము చేసినవి. మాకు కలిగిన యీ భాగ్యము మా తెలివివలన కలిగినది కాదు. మా తెలివితక్కువను దాటి కలిగినది.

అప్పటినుండి ఈ విషయమై చదువుచు వచ్చితిమి. మన పూర్వులు దీనిని ఎరుగక పోలేదు. శల్యమనగా దేహములో చిక్కుకొని బాధించు వస్తువు. అందుచేతనే శస్త్రవైద్యమునకు శల్యతంత్రమని పేరు. సుశ్రుతుని సంహితలో సూత్రస్థానమున ఇరువదియేడవ అధ్యాయము శల్యములను తీయు విధములను గూర్చినది. గొంతున ఎముకముక్క చిక్కినచో దారమునకు వెండ్రుకల ఉండను గట్టి, ద్రవముతో మ్రింగించి, కక్కుచుండగా దారమును లాగి, ఉండకు తగుల్కొనిన యెముకను తీయుమని అందు చెప్పబడినది. అప్పటికి లోనికి చూచు కన్ను లేదు. గ్రుడ్డిగా చేయక తప్పదు. నేడు చూచు కన్ను వచ్చిన పిమ్మట ఇంటిలో గ్రుడ్డిగా చేయుట సుశ్రుతుని అనుసరించుట కాదు. ఆయన చెప్పిన ముఖ్యమైన మాటను, అనగా నేర్పరియైన వైద్యుడే శల్యమును ముట్టవలెనను మాటను, మీరుటయే.

ఆ చూచు కన్ను ఒక్క దినమున వచ్చినది కాదు. 1868లో జర్మనీలోని ఫ్రైబుర్గు నగరమున కుస్మాలను వైద్యుడు, కత్తులు మ్రింగి జీవించు గారడీవానిచేత తిన్నని గొట్టమును మ్రింగించి, మనుష్యుని అన్నవాహికను లోపలినుండి చూచెను. 1895లో రాంట్‌జెను ఎక్సురేలను కనిపెట్టుటతో వస్తువు ఎక్కడ నున్నదో తెలియవచ్చెను. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున షెవాలియరు జాక్సనను వైద్యుడు తన జీవితమంతయు జనుల గొంతులనుండియు ఊపిరితిత్తులనుండియు వస్తువులను తీయుటలోనే గడపి 1958లో కాలధర్మము చెందెను. ఆయన దాచియుంచిన 2,374 వస్తువులు నేటికిని ఆ నగరములోని మ్యూటర్ ప్రదర్శనశాలలో నున్నవి. సూదులు, మేకులు, బొత్తాములు, ఎముకముక్కలు, నాణెములు, వానితో పాటు తెరచిన పిన్నీసులు! తెరచిన పిన్నీసును లోపలనే మూసి తీయుటకు ఆయన ప్రత్యేకముగా పనిముట్లను సిద్ధపరచెను. పిన్నులను నోట నుంచుకొను పెద్దలను చూచి పిల్లలు నేర్చుకొందురని తల్లులను హెచ్చరించెను. 1957లో హిర్షోవిట్జను వైద్యుడు వంగెడు గాజుపోగుల గొట్టమును నిర్మించి, రోగులకు వాడుటకు ముందు తానే మ్రింగి చూచెను. నేటి ఎండోస్కోపునకు అదియే మూలము. ఆ విద్య మన తెలుగునాటను నిలద్రొక్కుకొన్నది. హైదరాబాదులో జీర్ణకోశ వైద్యమునకై ప్రత్యేక సంస్థను నెలకొల్పిన డాక్టరు డి. నాగేశ్వరరెడ్డిగారు ఎండోస్కోపీలో ప్రపంచప్రసిద్ధులైరి. 2025లో వారికి పద్మవిభూషణ బిరుదము లభించెను. ఏలూరిలోను 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమయ్యెను. ఇంతమంది ఇంతకాలము శ్రమించి మన బిడ్డలకై త్రోవ వేసి యుంచిరి. ఆ త్రోవకు మన అరటిపండు అడ్డురాకుండ చూచుకొనుట మాత్రమే మన పని.

పిన్నీసు ఒక్కటియే కాదు. మన యిండ్లలోని పదునైన వస్తువులను ఒక్కమారు లెక్కించి చూడుడు.

మామిడి కాయ కొట్టునప్పుడు టెంక పెచ్చులు ఎగిరి ముక్కలలో కలియును. ముక్కను తుడుచుట జీడిపొర పోవుటకే కాదు, ఈ పెచ్చు పోవుటకును గూడ. ఊరిన ఆవకాయలో పెచ్చు నూనెతో జారుడుగా నుండి తెలియకుండ లోనికి పోవును. కట్టుడుపళ్ళు పెట్టుకొను పెద్దలకు అంగిలి కప్పబడియుండుటచే నోటిలోని వస్తువు మొనతేలినదో కాదో తెలియదు. వారికి టెంకను తీసివేసిన ముక్కను వేయుట మేలు. కట్టుడుపళ్ళును వదులైనచో నిద్రలో జారి గొంతున పడవచ్చును.

కొల్లేటి చేపలు మా ప్రాంతమున విరివిగా వచ్చును. బొచ్చె, శీలావతి వంటి చేపలలో కండ నడుమ చీలిన సన్నని ముండ్లు గలవు. పిల్లలకును వృద్ధులకును పెట్టునప్పుడు వెలుతురున కూర్చుండి, వ్రేళ్ళతో నలిపి చూచి పెట్టవలయును. ఇంగ్లండు రాజమాతకే 1982లో చేపముల్లు గొంతున చిక్కి, మత్తు ఇచ్చి తీయవలసివచ్చెను. రాణికైనను పేదకైనను ముల్లు ఒక్కటియే. ముల్లు చిక్కినచో అన్నపు ముద్ద మ్రింగించుట మన యాచారము. ఒకప్పుడు ముల్లు పోవును; ఒకప్పుడు విరిగి లోతున దిగును. ఏది జరుగునో మ్రింగించు చేతికి తెలియదు.

కుట్టిన విస్తరాకులలోని పుల్లలు, పండ్లు కుట్టుకొను పుల్లలు మరియు ప్రమాదకరములు. కఱ్ఱ ఎక్సురేలో కనబడదు. 1941లో షెర్వుడ్ ఆండర్సనను అమెరికా రచయిత ప్రయాణములో కడుపునొప్పితో పనామా దేశమున మరణించెను. పరీక్షింపగా, ఆయనకు తెలియకుండ మ్రింగిన పండ్లపుల్ల ప్రేగును చీల్చియుండెను. విందులలో తాంబూలపు చిలుకలకు మన పెద్దలు లవంగమును గ్రుచ్చెడివారు. అది నమలినను మంచిదే, మ్రింగినను మంచిదే. ఇప్పుడు లవంగమునకు బదులు పుల్లను గ్రుచ్చుచున్నారు. ఈ యొక్క విషయమున పాత యాచారమునకు మరలుట శ్రేయస్కరము.

కుట్టుసూదులు, గుండుసూదులు, జడపిన్నులు, చెవికమ్మల సీలలు, ముక్కుపుడకలు, పగిలిన గాజుముక్కలు, మామిడిపెట్టెల చిన్న మేకులు ఇట్టివే. పదును లేకున్నను పదునుకంటె కీడు చేయునవి రెండు గలవు. బొమ్మలలోను, గడియారములలోను నుండు గుండ్రని బిళ్ళ సెల్లు అన్నవాహికలో చిక్కినచో రెండు గంటలలోపలనే కాల్చివేయ మొదలిడును. చిన్న అయస్కాంతములు రెండు మ్రింగినచో ప్రేగు మడతల నడుమ ఒండొంటిని ఆకర్షించి చిల్లులు చేయును. ఇవి మ్రింగినచో ఒక్క నిమిషమైనను ఆలస్యము కూడదు.

ఇట్టిది జరిగినప్పుడు ఏమి చేయవలయునో వైద్యులవలన విని, చదివి తెలిసికొన్నంత వరకు చెప్పెదము.

మొదట బిడ్డ ఊపిరిని చూడవలయును. దగ్గలేక, ఏడ్వలేక, ముఖము నీలమెక్కుచున్నచో వస్తువు గాలి త్రోవలో నున్నది. ఏడాది నిండిన బిడ్డనైనచో ముందునకు వంచి రెక్కల నడుమ వీపుపై అరచేతి మడమతో అయిదుమారులు గట్టిగా కొట్టవలయును. రాకున్నచో వెనుకనుండి చుట్టి పట్టుకొని, బొడ్డునకు కొంచెము పైగా పిడికిలి నుంచి, లోనికిని పైకిని అయిదుమారులు అదుమవలయును. ఏడాది లోపు శిశువునైనచో ముంజేతిపై బోరగిల తలవంచి పరుండబెట్టి వీపుపై అయిదు దెబ్బలు, పిమ్మట వెల్లకిల త్రిప్పి రొమ్ము నడుమ అయిదు అదుములు, పొట్టను అదుమరాదు. వస్తువు వచ్చువరకును, సహాయము చేరువరకును ఇట్లే మార్చి మార్చి చేయుచు, ఇంకొకరిచే 108కు ఫోను చేయింపవలయును. గట్టిగా దగ్గుచున్న బిడ్డను మాత్రము దగ్గనీయవలయును.

ఊపిరి బాగుగా నున్నచో ఏమియు తినిపింపరాదు, త్రాగింపరాదు. కక్కింపరాదు, లోనికి పోవునప్పుడు తప్పిన మొన పైకి వచ్చునప్పుడు గ్రుచ్చుకొనవచ్చును. గొంతులో వ్రేలు పెట్టి వెదకరాదు. పైనున్న దానిని మన వ్రేలే క్రిందికి నెట్టును. భేదిమందు ఈయరాదు. మ్రింగిన వేళను గుర్తుంచుకొనవలయును. అట్టిదే మరియొకటి యున్నచో వెంట తీసికొనిపోవలయును. పిన్నీసైనచో తెరచియుండెనో మూసియుండెనో చెప్పవలయును. వెంటనే వైద్యశాలకు పోవలయును. పదునైనది అన్నవాహికలో చిక్కియున్నచో రెండు గంటలలోనే, ఎంత ఆలస్యమైనను ఆరు గంటలు మీరకుండ తీయవలెననియు, ఆమాశయములో నున్నచో 24 గంటలలోపల తీయవలెననియు నేటి వైద్యుల నియమము. పల్లెనుండి పట్టణమునకు పోవు కాలముగూడ అందులోనిదే యని మరువరాదు.

బిడ్డ ఆడుకొనుచున్నదిగదా యని ఊరకుండరాదు. మా బిడ్డయు ఆడుకొనుచునే యుండెను. చొంగ కారుట, మ్రింగలేకపోవుట, రొమ్మునో కడుపునో పట్టుకొని యేడ్చుట, వాంతి, జ్వరము, నల్లని మలము, ఇవి కనబడువరకు వేచినచో ఆలస్యమైనట్లే. ఎక్సురేలో ఏమియు కనబడకున్నను, బాధ తగ్గకున్నచో ఆ మాట వైద్యులకు మరల చెప్పవలయును. కఱ్ఱ, ప్లాస్టిక్, సన్నని చేపముల్లు దానికి చిక్కవు; వానికి వేరు పరీక్షలు గలవు.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి మిగిలియున్నది. బిడ్డ ఏదైన మ్రింగితినని చెప్పినప్పుడు కొట్టరాదు, కసరరాదు. ఒకనాడు కొట్టినచో మరునాడు మ్రింగినను చెప్పదు. చెప్పని బిడ్డకు ఏ యెక్సురే ఎవరు తీయుదురు?

పిన్నీసును 1849లో అమెరికాలో వాల్టరు హంటను నతడు నిర్మించినప్పుడు, మొన వ్రేలికి గ్రుచ్చుకొనకుండ దానికొక గూడు కట్టెను. ఆ గూటిలో నున్నంతవరకే అది నిరపాయము. తెరచి పెదవుల నడుమ పెట్టుకొనిన మాకు ఆ జ్ఞానము లేకపోయెను. ఇప్పుడు మా యింట గుడ్డతో కుట్టిన చిన్న మెత్త యొకటి అద్దము ప్రక్కను, బిడ్డకు అందని యెత్తున వ్రేలాడుచున్నది. పిన్నీసు దానినుండి గుడ్డకును, గుడ్డనుండి దానికిని పోవును. నడుమ నోటిలో మజిలీ లేదు. అత్తగారును ముల్లు తగిలినను సూది పోయినను ముద్ద పెట్టుమనుట మానిరి. పొరుగువారి యిండ్లకు గూడ ఆ మాట వారే పోయి చెప్పుచున్నారు.

మొన్నటి శ్రావణమాసములో పేరంటమునకు పోవు తొందరలో, చేతులు రెండును ఖాళీ లేక, మేము మరచి ఒక పిన్నీసును పెదవుల నడుమ పెట్టుకొంటిమి. అయిదేండ్ల మా పిల్ల మా యెదుటికి వచ్చి చేయి చాచి నిలుచుండెను. ఏమియు అనలేదు. పిన్నీసును తీసి ఆ చేతిలో పెట్టితిమి. తీసికొనిపోయి, పీట యెక్కి మెత్తకు గ్రుచ్చి వచ్చెను. అలవాటు మాన్పుట ఎంత కష్టమో, పిల్లలు మన ముఖమును ఎంత శ్రద్ధగా చదువుచుందురో మాకు మరల తెలిసెను. సోదరీమణులారా! ఈ సాయంకాలము చీర కట్టుకొనునప్పుడు మీ పెదవుల నడుమ ఏమున్నదో ఒక్కమారు చూచుకొనుడని మా ప్రార్థన.